పిల్లతల్లులకు ముందు

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. తీగలు, కంప్యూటర్ల మధ్య బతికేవాణ్ణి. ఏది చెడినా దానికో కారణం ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్కదానికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

కొత్తకోటలో మా ఇంటర్నెట్ కనెక్షన్ల వ్యాపారం మా మేనమామ మల్లయ్యతో కలిసి పెట్టుకున్నది. ఆయన గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, నడివయసులో కంప్యూటర్ పట్టుకున్న మనిషి. మాకు వచ్చే నెట్టును ఇళ్లకు పంచే సర్వర్ ఆఫీసులోనే ఉంటుంది. ఏ ఇంటికి ఎంత వేగం, రద్దీ ఉన్నప్పుడు ఎవరికి ముందు అనే నియమాలన్నీ మామే రాశాడు. పసిబిడ్డ ఉన్న ఇంటిని ముందు వరుసలో పెట్టేవాడు. ఇదేం వ్యాపారం మామా అని నేను విసుక్కుంటే నవ్వేవాడు.

"నీళ్ల తొట్టికాడ పిల్లతల్లి గొర్లనే ముందుగాల ఇడుస్తం రా. తతిమ్మా మంద జర ఆగుతది, ఏం గాదు."

ఏ ఇంట్లో పురుడైందో ఆయనకు ఎలా తెలిసేదో గానీ, అందరికంటే ముందే తెలిసేది. ఒకరోజు ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. ఆయన లేని ఆఫీసు నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఆయన పోయిన మరుసటి ఏడు, ఒక ఆదివారం పొద్దున, సర్వర్‌లో కెర్నల్, అంటే దాన్ని నడిపే అసలు ప్రోగ్రాం, కొత్తది వేశాను. ఒక పసివాడి ప్రాణం ఆ పూట మా తీగ మీద ఆధారపడి ఉందని నాకేం తెలుసు?

మళ్లీ ఆన్ చేస్తే నెట్టు వచ్చింది గానీ నియమాలు ఎక్కలేదు. ఈ రకం వరుస నాకు తెలియదని ఎర్రర్ చూపిస్తోంది. వరుస కట్టే భాగం కొత్త కెర్నల్‌తో పాటు రాలేదు, దాన్ని విడిగా వేసుకోవాలి. ఆ సంగతి తెలుసుకునేలోపు ఊరంతా ఒకేసారి మీద పడింది. సినిమాలు చూసేవాళ్లు మొత్తం లాగేస్తున్నారు, మిగతావాళ్లకు ఏమీ అందడం లేదు. ఫోన్ల మీద ఫోన్లు, తిట్ల మీద తిట్లు.

ఎక్కడ ఆగిందో చూద్దామని ఒక్కో ఇంటి లైను పరీక్షించాను. అన్నీ ఈడుస్తున్నాయి. మా దగ్గర కనెక్షన్ తీసుకున్న ముసలామె ఎల్లమ్మవ్వ ఇల్లు ఒక్కటే హాయిగా నడుస్తోంది. అదే తీగ మీద ఉన్న పక్కిళ్లు ఆగిపోయి ఉన్నాయి. సర్వర్‌లో ఒక్క నియమం కూడా లేదు. అసలు మామ రాసిన నియమాల్లో కూడా ఆ ఇల్లు ముందు వరుసలో లేదు. బుర్ర గోక్కుని, ఆ భాగం తెచ్చి వేసి, అంతా సర్దేశాను.

కొన్నాళ్లకు ఎల్లమ్మవ్వ గిన్నెలో జున్ను పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"మా మనుమడు నెలలు నిండకుండనె పుట్టిండు బిడ్డా. గా ఆదివారం ఊపిరి ఎగబీలుస్తుంటె పట్నం డాక్టరమ్మకు వీడియోల సూపెట్టినం. ఆమె సూసి, గిప్పుడే తోల్కరాండ్రి అన్నది. జరంత ఆలస్యమైతే దక్కకపోవునట. ఊరందరికీ నెట్టు బందైనా మాకు బందు కాలె. మీ మామ మల్లన్న లెక్కనే నువ్వు గూడ మా ఇంటికి ముందుగాల ఇడిసినవ్. సల్లగుండు."

నేను కాదవ్వా అని నోటి దాకా వచ్చింది. జున్ను గిన్నె చేతిలో పెట్టుకుని ఏడ్చేశాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, అందరికీ ముందే చెప్పి, నియమాలన్నీ తీసేసి చూశాను. ఎల్లమ్మవ్వ ఇల్లు కూడా అందరితో పాటే ఆగిపోయింది. తెలిసినవాళ్లను అడిగితే కాకతాళీయం అన్నారు. అయి ఉండవచ్చు. నాకైతే కారణం ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మాత్రం ఎవరింట్లో పురుడైందో నేనే అడిగి తెలుసుకుని, ఆ ఇంటిని ముందు వరుసలో పెడుతున్నాను. పోయిన మనిషి చేత ఇంకా ఎన్నాళ్లు పని చేయిస్తాం?