కమలాబాయి మోకాలు

భద్రుకు మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. కమలాబాయి అతని ఒక్కగానొక్క కూతురు. బడికి పోయేముందు వేడివేడి మిర్చీ బజ్జీలు, వచ్చాక మళ్లీ మిర్చీలు. బిడ్డ బొద్దుగా ఉంటే బలంగా ఉన్నట్టేనని భద్రు మురిసిపోయేవాడు.

1984లో, దసరా సెలవులకు ముందు, పదకొండేళ్ల కమల, ఆమె చిన్నాన్న కూతురు భూలి చేతులు పట్టుకుని బడి అరుగు మీంచి కిందికి దూకారు. భూలి లేచి లంగా దులుపుకుంది. కమల లేవలేదు. చూస్తుండగానే మోకాలు ఉబ్బిపోయింది.

భద్రు జీపు కిరాయికి మాట్లాడి, సూర్యాపేటలో ఎముకలు చూసే బొక్కల డాక్టర్ జవహర్ దగ్గరికి తీసుకుపోయాడు. కట్టు వేయడం అయిపోగానే పిల్ల అడిగింది.

"సారూ, మేమిద్దరం ఒక్కతాన్నుంచే దుంకినం. భూలికేం కాలే. నాకే ఎందుకు ఇరిగింది?"

డాక్టర్ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టాడు.

"ఈ సన్న గీత చూడు. ఎముక పెరిగే చోటిది. పిల్లలకు ఇంకా మెత్తగ ఉంటది. బరువు ఎక్కువుంటే దీనిమీద దెబ్బ గట్టిగ పడ్తది."

"అయితే లావున్నోళ్లందరికీ ఇరుగుతదా?"

"లేదమ్మా. జర భయం ఎక్కువ, అంతే. ఎట్ల దిగినవన్నది కూడ ఉంటది."

ఆ చివరి మాట పిల్లను నిమ్మళంగా ఉండనివ్వలేదు. ఇంటికొచ్చాక, కట్టు వేసిన కాలితో వాకిట్లో మంచం మీద కూర్చుని, కారణం తేల్చే పని మొదలుపెట్టింది. ఒకే తీరు చేతిసంచులు రెండు తెప్పించి, ఒకదాంట్లో తవుడు, ఇంకోదాంట్లో బియ్యం నింపించి, భూలితో తడిమట్టి మీద పడేయించింది. బియ్యం సంచి పడ్డచోట గుంత లోతుగా పడింది.

"బరువు సంగతి తెలిసింది. ఇగ నువ్వు దుంకు" అంది.

భూలి ఇంటి అరుగు మీంచి దూకింది. మోకాళ్లు వంచి పిల్లిలా దిగింది.

"నేను గట్ల వంగలే! కట్టెలెక్క నిలబడే దిగిన" అని కమల అరిచింది. బియ్యం మట్టిపాలు చేసినందుకు తల్లి గౌరీబాయి ఇద్దర్నీ కలిపి తిట్టింది.

కట్టు విప్పినరోజు ఇదంతా విని డాక్టర్ నవ్వాడు. "రెండూ నిజమే" అన్నాడు. భద్రు వైపు తిరిగి, "బిడ్డను ఉపాసం ఉంచకు. నూనెవి తగ్గించు. పాలు, పల్లీలు పెట్టు. మెల్లగ నడిపించు" అని చెప్పాడు. కూతురు చెయ్యి చాపినా మిర్చీ పెట్టకపోవడం భద్రుకే ఎక్కువ కష్టమైంది.

విరిగిన కాలు మాత్రం రెండోదాంతో సమానంగా ఎదగలేదు. నడకలో చిన్న కుంటు ఉండిపోయింది. అయినా కమల ఆటలు మానలేదు. 1996 నాటికి కోదాడలో ఒక బడికి ఆటల టీచరైంది.

అక్కడ శాంతమ్మ అనే తల్లి ఓ రోజు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "మా పాపని ఆటల్లోంచి తీసెయ్యండి మేడం. లావుగా ఉంది, పడితే కాళ్లు విరుగుతాయి."

"కూసోపెడితే కాళ్లకు బలమెట్లొస్తదమ్మా? ముందు నడవనియ్యుండ్రి. దిగుడు నేను నేర్పిస్త, దుంకుడు తర్వాత."

శాంతమ్మ మనసు కుదుటపడలేదు. గేటు దగ్గరే నిలబడి చూసింది. కమల ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మైదానం చుట్టూ నడవసాగింది. సగం దూరం పోయాక పిల్ల ఆగి, "మీరెందుకు కుంటుతున్నారు మేడం?" అని అడిగింది.

కమల నేలమీద చతికిలబడి, పుల్లతో దుమ్ములో మోకాలి బొమ్మ గీయడం మొదలుపెట్టింది.