మంచు చప్పుడు విన్న అమ్మాయి

కువైట్‌లోని సాల్మియాలో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే అమ్మాయికి ఒక అలవాటుండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ చూపుడు వేలు పైకెత్తి, "ఒక్క నిమిషం అక్కా" అని కళ్లు మూసుకునేది. తర్వాత "మీ ఫ్రిజ్ శ్రుతి తప్పింది" అని నవ్వేది.

ఆమె ఫిజిక్స్ పరిశోధకురాలు. దక్షిణ ధ్రువంలో మంచు లోతుకు మైకులు దించి వచ్చింది. అంతరిక్షం నుంచి వచ్చే న్యూట్రినో అనే కణం మంచులో తగిలితే సన్నగా టిక్కుమనవచ్చునట. అది వినబడాలంటే మంచు మామూలుగా ఎంత చప్పుడు చేస్తుందో ముందు కొలవాలి. పెళ్లయి కువైట్ వచ్చాక కూడా ఇంట్లోంచే ఆ రికార్డింగులు వింటూ ఉండేది.

ఒక జూలై మధ్యాహ్నం మా తలుపు తట్టింది. ముఖం వాడిపోయి ఉంది.

"రికార్డింగులో ఏదో టకటక ఉందక్కా. అది మంచుదే అయితే న్యూట్రినో టిక్కు అందులో కలిసిపోతుంది, మా పనంతా ఖలాస్. ఈ ఏసీ హోరులో తేల్చుకోలేకపోతున్నా. కాసేపు ఆపిస్తారా?"

జూలైలో, కువైట్‌లో! అయినా వాచ్‌మన్‌ను బతిమాలి బిల్డింగ్ ఏసీ ఆపించాను. పై అంతస్తుల వాళ్లు పేపర్లతో విసురుకుంటూ మెట్ల మీదికి వచ్చేశారు.

"కరెంటు పోయిందా?"

"లేదండీ, మా అమ్మాయి మంచును వింటోంది" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. అయినా ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు.

కాసేపటికి ఆమె తలుపు తీసుకుని పరుగున వచ్చింది.

"మంచుది కాదక్కా! అక్కడి పరిశోధన స్టేషన్ నీళ్ల పంపుది! పంపు ఆగిన రోజు రికార్డింగులో ఏమీ లేదు, అస్సలు ఏమీ లేదు!"

చెమటతో తడిసి ఉన్న నన్ను అలాగే వాటేసుకుంది. ఏమీ వినబడలేదని అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎందుకో తెలియకపోయినా మెట్ల మీద వాళ్లంతా చప్పట్లు కొట్టారు.