మా హాల్లో రొట్టె విరిచిన గురువారం

నాకు పెద్ద చర్చి అంటేనే ఇష్టం. మా పాస్టరు గారు వింటే నొచ్చుకుంటారు, ఎందుకంటే ఈమధ్య ఆయన ఇళ్లలో కూడుకోవడమే అసలైన ఆరాధన అంటున్నారు. మార్కాపురంలో మెయిన్ రోడ్డు పక్కనున్న మా చర్చిలో అంతమంది మధ్య స్తంభం చాటున కూర్చోవడంలో ఒక సుఖం ఉంది. పాటకి లేస్తాం, ప్రార్థనకి తల వంచుతాం, పక్కనున్న మనిషిని పలకరించకుండానే ఇంటికొచ్చేస్తాం. ఎవరూ ఏమీ అడగరు.

ఆ సుఖం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కావలసింది అమ్మకే. ఆడవాళ్ల వైపు ముందు వరసలో అమ్మ కూర్చునేది, చిట్టచివర తలుపు దగ్గర మా మేనత్త. ఇద్దరికీ మాటల్లేవు. ప్రభు భోజనపు బల్ల ఇచ్చే ఆదివారం పళ్లెం అమ్మ దగ్గరికీ వచ్చేది, అత్త దగ్గరికీ వెళ్లేది. చిటికెడు రొట్టె, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. ఇద్దరూ కళ్లు మూసుకుని భక్తిగా తీసుకునేవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు ఒకే బల్లలో పాలు పొందుతున్నారని అక్కడ ఎవరికీ తెలియలేదు. ఏళ్ల తరబడి అలాగే గడిచిపోయింది.

మాటలు ఆగింది మా నాయనమ్మ చావుతో. మంచాన పడిన నాయనమ్మని అమ్మ ఒక్కతే చూసుకుంది. అత్త అప్పట్లో గిద్దలూరులో ఉండేది, పక్షవాతం వచ్చిన మామయ్యని వదిలి కదల్లేకపోయింది. మంచి ఎండాకాలంలో, తెల్లవారుజామున నాయనమ్మ పోయింది. మధ్యాహ్నానికల్లా సమాధి చేసేశారు. అత్త బస్సు దిగి పరుగున వచ్చేసరికి పెట్టె మీద మట్టి పోస్తున్నారు. గిద్దలూరు ఏమన్నా సముద్రాలవతల ఉందా, కన్నతల్లి మొహం చూసుకునేదాకా ఆగలేకపోయారా అని ఆమె కనపడినవాళ్లనల్లా అడిగింది. ఎండ అన్నారు, ఐస్ బాక్స్ దొరకలేదన్నారు, అప్పటి పాస్టరు గారు దర్శిలో ఇంకో కూటానికి వెళ్లాలన్నారు. అమ్మ మాత్రం నోరు విప్పలేదు. అత్త ఆ మౌనాన్నే పట్టుకుంది.

మామయ్య పోయాక ఆమె కొడుకుతో పాటు మార్కాపురం వచ్చి మా పక్క వీధిలోనే కాపురం పెట్టింది. అయినా మా గడప తొక్కలేదు. నాయన తన అక్కకి నచ్చజెప్పబోయి తిట్లు తిని వచ్చాడు. నాకు అత్త మీద ఒళ్లు మండేది. నాయనమ్మని ఎత్తి దించిన చెయ్యి అమ్మది, ఏడ్చే హక్కు మాత్రం ఆమెదా అనుకునేదాన్ని.

ఈ ఏడాది ఈస్టరుకి ముందు పాస్టరు గారు సంఘాన్ని వీధుల వారీగా విడదీశారు. యేసు శిష్యులైన అపొస్తలుల కాలంలో విశ్వాసులు ఇళ్లలోనే కూడుకునేవారని, మనం గుంపు పెరిగేకొద్దీ ఒకరికొకరం కాకుండా పోయామని చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అదే నాకు భయం. మంచి శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం ప్రతి వీధిలోనూ ఒక ఇంట్లో రొట్టె విరవాలన్నారు. గ్లాసులు, పళ్లేలు ఉండవు. ఒకే రొట్టె. దాన్ని తుంచి ఎవరికి వారు తినకూడదు, పక్కవాళ్లకి చేత్తో అందించాలి. వాళ్లు తీసుకున్నాకే అది ముందుకు పోవాలి. మా వీధినీ పక్క వీధినీ కలిపి మా ఇల్లు చెప్పారు.

ఇంకో ఇల్లు చూసుకోమందామని అమ్మకి చెప్పాను. "వద్దంటే ఎందుకని అడుగుతారు," అంది. గురువారం మధ్యాహ్నం పిండి కలుపుతూ రెండుసార్లు నీళ్లు ఎక్కువ పోసుకుంది. అమ్మ పిండి కలపడంలో తడబడటం నేనెప్పుడూ చూడలేదు. అత్త రాకపోతే బాగుండునని మనసులో గట్టిగా ప్రార్థించాను. అటువంటి ప్రార్థన ఏ సంఘంలోనూ పైకి చేయలేం.

అత్త వచ్చింది, అదీ పాట మొదలయ్యాక. గుమ్మం బయట చెప్పులు విడిచి కాసేపు నిలబడింది. మగవాళ్ల వైపు కూర్చున్న నాయన లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. చాప మీద మిగిలిన చోటు వంటింటి గుమ్మం దగ్గర, అమ్మకీ నాకూ మధ్య. వేరే దారి లేక వచ్చి అక్కడే కూర్చుంది.

మా కూటానికి పెద్ద, పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేసి మానేసిన ఒక పెద్దాయన. ఆయన ప్రార్థన చేసి రొట్టె విరిచి పక్కతనికిచ్చాడు. చేతులు మారుతూ అది మా వైపు వచ్చింది. అమ్మకి అందింది. అమ్మ ఒక ముక్క తుంచి అత్త ముందు చెయ్యి చాచింది. అత్త చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

చర్చిలో అయితే పళ్లెం పట్టుకున్నవాళ్లు ముందుకి వెళ్లిపోయేవాళ్లు. ఇక్కడ అందరూ అటే చూస్తున్నారు. పెద్దాయన తొందరపెట్టడు, పోనీలే అనడు. అమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ ముక్క లాక్కుని నేనే తినేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

"నేనే తొందర చేసినా వదినా," అంది అమ్మ. "ఎండా కాదు, ఐస్ బాక్సూ కాదు. నువ్వు వచ్చేలోపల కానిచ్చేయమని పాస్టరయ్యను నేనే అడిగినా."

నాయన మొహం చూస్తే ఆయనకీ తెలియదని అర్థమైంది.

"ఎందుకు?" అంది అత్త.

"నువ్వు వస్తే కూతురివి, ఆఖరి స్నానం నీ చేత్తోనే చేయించాల. ఒళ్లంతా చూస్తావు. నడుము కింద పుండ్లు పడినాయి. ఎంత కడిగినా మానలేదు. సరిగ్గా చూసుకోలేదు అంటావని భయపడినా."

అత్త అమ్మ వైపు తిరిగింది. నేను ఊహించిన తిట్లు రాలేదు.

"మందు పెట్టినావా?"

"పూటపూటా పెట్టినా."

"మా అమ్మ ఏడ్చేదా?"

అమ్మ తల ఊపింది. "కడిగేటప్పుడు నన్ను నువ్వనుకునేది. నీ పేరు పెట్టే పిలిచేది. నేను పలికేదాన్ని," అంది.

అత్త చెయ్యి చాచి అమ్మ చేతిలోని ముక్క తీసుకుంది.

"ఆ పుండ్లు నేను కడగాల్సినవి," అంది. "నాకు బదులు నువ్వు పలికినావా."

ఆ మాట అని, రొట్టె నోట్లో పెట్టుకుంది.