ఉబ్బిన కాఫీ ప్యాకెట్లు

మా కాఫీ కుళ్ళిందన్నారు. ఒక్క ప్యాకెట్టయినా విప్పలేదు, ముక్కు దగ్గర పెట్టుకోలేదు. ఉబ్బింది కాబట్టి కుళ్ళిందని పెట్టె మొత్తం తిప్పి పంపేశారు.

ఆ మాట అన్నది కింద మైదానంలో కిరాణా కొట్టు నడిపే పెద్దమనిషి. కాఫీ గింజలు వేయించింది కొండ మీద డుంబ్రిగుడ దగ్గర మా ఊళ్ళో మా ఆవిడా, ఆమె సంఘంలోని ఆడవాళ్ళూ. అది వాళ్ళకు మొదటి పెద్ద ఆర్డరు. అది పోతే పెనం అటకెక్కుతుంది. మళ్ళీ పచ్చి గింజలు మోసుకెళ్ళి సంతలో షావుకారు ముందు నిలబడాలి.

పెట్టె ఘాట్ ఎక్కి తిరిగొచ్చేసరికి ప్యాకెట్లు ఇంకా ఉబ్బి దిండ్లలా ఉన్నాయి. మా ఆవిడ ఒకటి నొక్కి చూసి, "నిజంగానే కుళ్ళిపోనాదేటి?" అంది.

నాకు ఒళ్ళు మండింది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నాకు పాఠాలు చెప్పింది నా పంక్చర్ కొట్టు, జనం తూకానికి అమ్మేసిన పాత సైన్సు పుస్తకాలు. ఎండలో నిలబెట్టిన సైకిలు ట్యూబు ఠాప్‌మన్నప్పుడల్లా జనం నన్నే తిట్టారు. ఒక్కొక్క తిట్టూ ఇప్పటికీ గుర్తుంది.

"కుళ్ళు కాదు, గాలి," అన్నాను.

"నీకన్నిటికీ గాలే," అంది మా ఆవిడ. అందరూ నవ్వారు. పొద్దుట నుంచి అదే మొదటి నవ్వు.

గింజ వేగినప్పుడు లోపల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. పెనం దించాక కూడా కొన్ని రోజుల పాటు మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. వీళ్ళేమో వాసన పోతుందన్న భయంతో, గింజలు చెయ్యి కాలుతుండగానే ప్యాకెట్లో పోసి అతికించేస్తారు.

"సంతలో జనం ఒక్కచోట ఉంటారేటి? ఖాళీ ఉన్న వేపల్లా పోతారు. గేటు మూసేత్తే గోడలు తోత్తారు. గాలి కణాలూ అంతే. కింద బయటి గాలి గట్టిగా అదిమి పట్టుకుంది. ఘాట్ ఎక్కేసరికి ఆ పట్టు సడలింది, లోపలోళ్ళు రెచ్చిపోయారు," అని చెప్పాను.

"మరి వాసనో, మావా?" అని ఒకామె అడిగింది.

"అదీ కణాలే. సందు దొరికితే ఊరంతా తిరిగొత్తాది."

టీ బడ్డీలో కింద నుంచి వచ్చిన చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా వేలాడుతుంటాయి. వాటిని ఎవరూ ఏమీ అనరు. చిప్స్ ఉబ్బితే అందం, మా గింజ ఉబ్బితే కుళ్ళా?

ఆ కోపంలో నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మా ఆవిడ చదివించుకుని, "తిట్లు తీసెయ్యి," అంది. తీసేస్తే అర పేజీ మిగిలింది. ఒక ఉబ్బిన ప్యాకెట్టు, ఒక పిన్నీసు దానికి జతచేసి బస్సులో పంపాను. పిన్నీసుతో పొడిచి, వాసన చూసి, అప్పుడు మాట్లాడమన్నాను. ఇకమీదట గింజలు డబ్బాలో వదులు మూత కింద మూడు రోజులు ఉంచి, ఆ తర్వాతే అతికిస్తామని కూడా రాశాను.

ఈలోగా ఆడవాళ్ళు కొత్త వాయ వేయించారు. మూడు రోజులు ఓపిక పట్టడం వాళ్ళకు మహా కష్టమైంది. గడియకొకరు మూత ఎత్తి చూశారు, నా చేత తిట్లు తిన్నారు. నాలుగో రోజు అతికించిన ప్యాకెట్లు వారమైనా బల్లపరుపుగానే ఉన్నాయి.

అప్పుడు మా ఆవిడ ఫోనుకు ఆ కిరాణా కొట్టాయన నుంచి మెసేజ్ వచ్చింది. అందరినీ పిలిచి, నా చేత పైకి చదివించింది:

"పెద్దాయనకి నమస్కారం. పిన్నుతో పొడిసేను, బుస్సుమంది. కుళ్ళు లేదు. ఆ వాసనకి లోపలింట్లోంచి మా ఆవిడ వచ్చి కాఫీ ఎవరు పెట్టేరంది. పక్క బట్టల కొట్టాయన, ఎదురు మందుల షాపాయన కూడా వచ్చి కూసున్నారు. గింజలు దంచి కాఫీ పెడితే ఆ ప్యాకెట్టు అక్కడికక్కడే అయిపోయింది. ఆ మాట అన్నందుకు తప్పయిపోయింది. తిప్పి పంపిన పెట్టె బేగి పంపండి, కొత్త వాయ కూడా పంపండి."