రైలు ఉదాహరణ తీసేసిన రోజు

మా మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆమెకే ఫోన్ చేయబోతున్నాను. భూపాలపల్లిలో నేను పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబ్ తాళం తీసి, నంబరు వెతుకుతుండగా అదే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఆమె తమ్ముడు. "అక్క పోయింది తమ్మి. పొద్దుగాల చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అన్నాడు. ఆమె రాసిన ఒక పేజీ తీసేస్తున్నానని చెబుదామనుకున్నాను నేను.

మేడం మహబూబాబాద్ డిగ్రీ కాలేజీలో మాకు స్టాటిస్టిక్స్ చెప్పారు. రోజూ జనగామ నుంచి రైల్లో వచ్చేవారు. అంకెలను గ్రాఫులుగా గీసిపెట్టే ఒక ఉచిత లైబ్రరీ ఉంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకునే రెడీమేడ్ కోడ్ అది. దాన్నెలా వాడాలో చెప్పే పేజీలను ఇంటర్నెట్లో కొందరం తెలుగులో రాస్తుంటాం. మొదలుపెట్టింది మేడమే. ఆమె మొదటి ఉదాహరణ తన రైలు. ఏ రోజు ఎంత ఆలస్యమో చూపే బార్ గ్రాఫు. సోమవారం బార్ చూసి క్లాసంతా నవ్వేది. "గీ బండి టైముకొస్తే నాకు పాఠం యాడికెళ్లి వస్తుండె?" అనేవారు.

మా ప్రాక్టికల్ పరీక్ష నాడు నా పక్క కంప్యూటర్ దగ్గర గంగారం నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంది. "ఇది పోతే మా బాపు మళ్ల పంపడు" అని లోపలికొచ్చే ముందే నాతో అంది. మేడం రాసిన ఇంకో పేజీలో నేర్చుకున్నట్టే ప్రోగ్రాము కొట్టింది. గ్రాఫు రాలేదు, తప్పుందని చెప్పే ఎర్రక్షరాలు వచ్చాయి. మళ్లీ కొట్టింది. మళ్లీ ఎర్రక్షరాలే. ల్యాబ్‌లో లైబ్రరీ కొత్త వెర్షన్ ఎక్కించారని, ఆ పేజీలోని పద్ధతిని అందులో ఎత్తేశారని ఆమెకేం తెలుసు? బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు వెనకాలే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

మేడం వచ్చి తెర చూశారు. "తప్పు పిల్లది గాదు సార్. గా పేజీ రాసింది నేను. పాతగైంది, తీసెయ్యలే" అన్నారు, అందరూ వినేలా. ఎగ్జామినరు ఇంకోసారి గడియారం చూసుకున్నాడు. చివరికి, "సరే, మళ్లీ రాయనివ్వండి. మీరు మాత్రం ఏమీ చెప్పొద్దు" అన్నాడు. మేడం తలుపు దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డారు. ఆ అమ్మాయి ఎర్రక్షరాలను కూడబలుక్కుంటూ చదివి, ఒక లైను మార్చింది. గ్రాఫు వచ్చింది. మేడం మాత్రం వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత పాత ఉదాహరణలను ఏరి తీసేయడం ఆమె పట్టుదల అయింది. "నడువని ఉదాహరణ పిల్లల మీద పడ్తది, మన మీద గాదు" అనేవారు. అయితే రాసినవాళ్లకు ఫోన్ చేయకుండా ఒక్కటీ తీసేవారు కాదు. మాకూ అదే అలవాటైంది. నెల్లికుదురులో ఒకాయన అలిగి, "నా పేరు తీసేస్తవా అక్కా?" అన్నాడట. "పేరుంటది, పేజీ పోతది. కోపం జెయ్యకు, ఇంకోటి రాసి పంపు" అని బుజ్జగించారు. అరగంట బుజ్జగింపు, క్షణంలో తీసివేత.

మేడం పోయిన రోజుకు మా భూపాలపల్లి ల్యాబ్‌లో మరో కొత్త వెర్షన్ ఉంది, ఎల్లుండి ప్రాక్టికల్స్. రైలు పేజీ నడవదు. రెండు లైన్లు మార్చి ఉంచొచ్చు కదా అంటారేమో. అదే పనిని తేలిగ్గా నేర్పే కొత్త పేజీ ఎప్పుడో వచ్చింది. రెండు దారులుంటే పిల్లలు పాతదే పట్టుకుంటారని చెప్పింది మేడమే. కానీ జనగామలో దహనం అయ్యేలోపే పేజీలు రాసే మా గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. మేడం గుర్తుగా ఆ ఒక్కటీ ఉంచుదామని. చదువుతుంటే కోపం వచ్చింది. ఎందుకంటే నాకూ ఉంచాలనే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె ఇంటి వరండాలో ఆమె తమ్ముడి పక్కన కూర్చున్నాను. ఫోన్ చేసి అడగడానికి ఆమె లేరు కాబట్టి ఆయన్నే అడిగాను. కంప్యూటర్ సంగతులు ఆయనకు పట్టవు. అంతా విని, "గా పేజీ ఉంటే నడుస్తదా?" అన్నాడు.

"నడవదన్నా."

"పిల్లలు పరేషాన్ అయితరా?"

"అయితరు."

"మరి నన్నేం అడుగుతున్నవ్?" అని లేచి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

అక్కడే, ఆ వరండాలోనే, ఫోన్‌లో ఆ పేజీ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదివి తీసేశాను. బాధేసింది. ఇప్పటికీ బాధే.

పరీక్ష రోజు ల్యాబ్‌లో వరసల మధ్య తిరుగుతున్నాను. ఏ తెర మీద ఎరుపు కనిపిస్తుందోనని ఒక్కో తెరా చూసుకుంటూ పోతున్నాను. కిటికీ పక్కనున్న అమ్మాయి బటన్ నొక్కి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి నీలం బార్లు వరసగా లేచి ఉన్నాయి. ఆ పాఠంలో ఒకప్పుడు, ఎప్పుడూ లేటుగా వచ్చే ఒక రైలు ఉండేదని ఆమెకు తెలియదు. చున్నీతో చేతులు తుడుచుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.