మూతక్క వెయ్యనన్న మూత

"పాపకి పాలు చాలట్లేదేమోనని భయంగా ఉందక్కా. సీసా మీద గీత దాకా పట్టించినా కక్కేస్తోంది," అన్నాను.

"కక్కేస్తుంటే చాలకపోవడమేంటి తమ్ముడూ? ఏం చదివావో ఏమో," అంది మూతక్క, వెల్డింగ్ ముసుగు నుదుటి మీదికి నెట్టి.

ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. పంతొమ్మిదేళ్లుగా మా ప్రయోగశాలలో లోహపు డబ్బాలకు మూతలు అతుకుతోంది. అవి అంతరిక్షనౌకల్లోకి వెళ్ళే డబ్బాలు. నౌక ఎండలో ఉన్నంతసేపూ డబ్బాలోని ఉప్పు కరిగి వేడిని దాచుకుంటుంది. నీడలోకి వెళ్ళాక గడ్డకడుతూ ఆ వేడిని పక్కనున్న లోహపు పొడికి ఇస్తుంది. పొడి తనలో ఇముడ్చుకున్న హైడ్రోజన్‌ను వదులుతుంది. దాంతో కరెంటు పుడుతుంది.

నీడలో ఇంకో పది నిమిషాల కరెంటు కావాలన్నారు పైవాళ్ళు. నేను లెక్క కట్టి, కరిగించి పోసిన ఉప్పు చల్లారాక మధ్యలో పడే గుంటను కూడా ఉప్పుతో పూడ్చమని కొత్త డ్రాయింగ్ ఇచ్చాను. అలా నింపిన డబ్బా చూసి మూతక్క వెల్డింగ్ టార్చి కింద పెట్టేసింది.

"దీనికి నేను మూత వెయ్యను."

మేనేజరు కిందికి దిగి వచ్చారు. "డ్రాయింగ్ మీద సంతకాలైపోయాయమ్మా. మీరు కాకపోతే ఇంకొకరు వేస్తారు. మీరు వెళ్ళి స్టోర్లో కూర్చోండి."

"కూర్చుంటా సార్. అక్కడ ఫ్యాను కూడా ఉంది." మూతల మీద తన నంబరు కొట్టే ముద్రను తీసి జేబులో వేసుకుంది. "నా నంబరు మాత్రం దీని మీద పడదు."

ఎవరి అనుమతీ అడక్కుండా, ఆ డబ్బాను మూత లేకుండానే కొలిమిలో పెట్టింది. ముగ్గురం అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. ఉప్పు కరుగుతూ ఉబ్బింది, అంచు దాటింది, పక్కలకు కారిపోయింది.

"కక్కేసింది సార్. మూత ఉంటే ఎటు పోయేది?"

ఆయన కొత్త డ్రాయింగ్ తీసుకుని మెట్లెక్కారు. నేను నా లెక్క కాగితం తీసి చూశాను. గడ్డ ఉప్పు సాంద్రతతోనే లెక్క కట్టాను. కరిగితే అది దాదాపు నాలుగో వంతు పెరుగుతుందన్నది వదిలేశాను.

పాత డ్రాయింగే మళ్ళీ సంతకంతో కిందికి వచ్చాక గానీ మూతక్క జేబులోంచి ముద్ర తియ్యలేదు. మూత మీద నంబరు కొడుతూ, నా వైపు చూడకుండానే అంది: "పాప సంగతీ అంతే. గీత చూడకు, మొహం చూడు. మొహం తిప్పేసుకుంటే ఆపెయ్."

ఇప్పుడు పాలు పట్టేటప్పుడు, గీతలు నాకు కనపడకుండా సీసాను అటువైపు తిప్పి పట్టుకుంటున్నాను.