మైకు మామ సెట్టుకు వచ్చిన జబ్బు

ఆ రోజుల్లో సంగీత విమర్శకుడు కావాలంటే సంగీతం తెలిసి ఉండాలన్న నియమమేదీ నాకు అడ్డం రాలేదు. కర్నూల్లో ఒక నెట్ సెంటరు, డిగ్రీ గట్టెక్కించిన ఇంగ్లీషు, కాస్త సిగ్గులేనితనం, ఈ మూడూ చాలాయి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. చదువైపోయి, ఉద్యోగం రాక, కోయిలకుంట్లలో మా నాయన చిల్లర అంగట్లో చింతపండు తూకం వేస్తుండేవాణ్ణి. నెలకోసారి సరుకుల కోసం కర్నూలుకు వెళ్ళినప్పుడు నెట్ సెంటర్లో దూరి, ఏయే దేశాల వాళ్ళో ఎవరెవరి పాటల మీదో రాసిన అభిప్రాయాలు చదివి, వాటన్నిటినీ కలగూరగంప చేసి తెలుగులో రాసి హైదరాబాదులోని ఒక చిన్న మాసపత్రికకు పంపేవాణ్ణి. ఆ పాటల్లో ఒక్కదాన్ని కూడా విన్న పాపాన పోలేదు. (అక్కడ ఒక పాట కంప్యూటర్లోకి దిగడానికి ఒక పూట పట్టేది. దిగేదాకా కూర్చుంటే మా ఊరి బస్సు వెళ్ళిపోయేది.) అయినా నాలుగు సమీక్షలు అచ్చయ్యాయి. ఒకదాంట్లో 'గిటారు తీగల్లోంచి నగరపు ఒంటరితనం నెత్తురులా చిమ్మింది' అని రాసిన గుర్తు. నాకు తెలిసిన నగరం కర్నూలొక్కటే. అక్కడి సిటీ బస్సులో నిలబడడానికే చోటుండదు, ఇక ఒంటరితనానికి ఎక్కడిది?

మా బజారులో మాత్రం నా పేరు మోగిపోయింది. మా నాయన ఆ పత్రిక ఒక్క ముక్క చదివేవాడు కాదు గానీ, వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. పాతబడ్డాక దానితోనే పొట్లాలు కట్టేవాడు, నా పేజీ మాత్రం చించి దేవుడి పటం వెనక పెట్టేవాడు. ఆయన తర్వాత నన్ను చూసి అంతగా మురిసిపోయింది మైకు మామ. మా అంగడి పక్కదే ఆయన దుకాణం. పెళ్ళిళ్ళకూ ఉరుసులకూ తిరునాళ్ళకూ మైకుసెట్టు కడతాడు. మాకు చుట్టమేమీ కాదు. మా నాయనను బావా అని పిలుస్తాడు కాబట్టి నాకు మామ, అంతే. ఆయన ఆంప్లిఫయర్ కొన్నది కాదు. ఒక్కొక్క విడిభాగమే తెచ్చుకుని, టేకు పెట్టె చేయించి, సొంతంగా బిగించుకున్నది. పని లేనప్పుడు దాని మీద అత్త పాత చీర కప్పి ఉంచేవాడు. మైకు మామ సెట్టు కడితే అయ్యవారు మంత్రానికీ మంత్రానికీ నడుమ ఊపిరి పీల్చుకోవడం కూడా పందిరి చివరి వరసకు వినబడుతుందని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకునేవాళ్ళు. ఆయన సెట్టు గర్రుమనగా విన్నవాళ్ళు లేరు.

ఇలా సాగుతున్న నా వైభవానికి మూడింది. ఒకరోజు ఎడిటరు దగ్గర్నుంచి ఒక సీడీ, ఒక ఉత్తరం వచ్చాయి. బెంగుళూరు కుర్రాళ్ళు నలుగురు కంప్యూటరు శబ్దాలనూ పంక్ రాక్‌నూ కలిపి ఒక ఆల్బమ్ చేశారట. 'దీని మీద ఇంతవరకు ఎవరూ రాయలేదు, మొదటి మాట మీదే కావాలి, వారం లోపల పంపగలరు' అని ఉంది. ఎవరూ రాయలేదన్న మాట చదవగానే నాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఎవరూ రాయకపోతే నేను దేన్ని చూసి రాయాలి? నేను చదివినంతలో పంక్ అంటే వాయించడం సరిగ్గా రానివాళ్ళు కోపంగా వాయించే సంగీతం. ఎలక్ట్రానిక్ అంటే వాయించే మనిషే అక్కర్లేని సంగీతం. రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహకు అందలేదు. ఇక వినక తప్పదు. మా ఇంట్లో ఉన్నది భక్తి పాటల క్యాసెట్లు వేసుకునే టేపురికార్డరు. ఊళ్ళో సీడీ వేసి వినాలంటే దిక్కు మైకు మామే.

సీడీ కవరు మడతలు నలిగిపోతాయని బీరువాలో దాచి, సీడీని మాత్రం చేతిరుమాలులో చుట్టుకుని వెళ్ళాను. మామ సెట్టు ముందేసుకుని తుడుస్తున్నాడు.

"ఏమప్పా, ఏమో పట్టుకోని వస్తాండావు?"

"సీడీ మామా. పత్రికోళ్ళు పంపినారు. విని రాయాల."

"ఇంగేం, ఈడ పెట్టు! రేపు అహోబిలంలో పెండ్లి ఉండాది. ఎట్లాగూ సెట్టును ఒకసారి చూసుకోవాల. నీ పాటతోనే చూద్దాం" అని, అంతటితో ఊరుకోక, "ఓ బావా! రా, నీ కొడుకు పాట విందువు!" అని మా నాయనను కేక వేశాడు. (పాట నాది కాదు, నేను రాసేది దాని గురించేనని చెప్పే సందు ఎవరిచ్చారు కనక?) మా నాయన అంగడి మెట్ల మీదికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టీ బంకు దగ్గరి నలుగురూ గ్లాసులతోనే వచ్చారు.

మొదట కుయ్ కుయ్ అని సన్నగా ఏదో శబ్దం వచ్చింది. తర్వాత డప్పు లాంటిది మొదలైంది. "డప్పు బాగుండాదే" అని మామ తల ఊపాడు. ఆయన తల ఇంకా ఊగుతుండగానే గిటారు దిగింది. జొన్నలతో పాటు గులకరాయి కూడా పడితే పిండి మిషను ఎలా అరుస్తుందో అలా అరిచింది. దాని మీద ఎవడో గొంతు చించుకున్నాడు. రోడ్డు మీద ఎద్దుల బండి ఆగిపోయింది. మామ ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేశాడు. పసిబిడ్డకు జ్వరం చూసినట్టు ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"యా అల్లా! సెట్టు పోయినట్లుండాదే!"

మా నాయన మెట్ల మీద నుంచే, "ఏందిరా, ఇదేనా నువ్వు రాసే సంగీతం?" అన్నాడు. టీ గ్లాసుల వాళ్ళు కిసుక్కుమన్నారు.

మామ పాత సినిమా పాట ఒకటి పెట్టి చూశాడు. అది తేనెలా పారింది. మళ్ళీ నా సీడీ పెట్టాడు. మళ్ళీ పిండి మిషనే. "మెత్తని పాటలకు బాగనే ఉండాది. బరువు పడితే మోయలేకుండాది. గుండె జబ్బు మనిషి మాదిరి, నడిస్తే ఏం కాదు, మెట్లెక్కితే ఆయాసం" అని తనలో తాను అనుకుని, నా వైపు తిరిగాడు.

"అప్పా, నాకు ఈ ఇంగ్లీషు పాటలు తెల్దు. నువ్వు తెలిసినోడివి, పత్రికలకు రాసేటోడివి. ఒక్క మాట చెప్పు. ఈ గరగర పాటలో ఉండాదా, నా సెట్టులో ఉండాదా?"

నా జన్మలో నన్నొక విమర్శకుడిగా ఎవరైనా నిజంగా అడిగిన ప్రశ్న అదొక్కటే. నాకు జవాబు తెలియదు. కానీ అది పాటలోదేనేమోనన్న అనుమానం మాత్రం గట్టిగా ఉంది. ఆ మాట అంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ పిండి మిషను గోల గురించా వీడు ఇన్నాళ్ళూ పేజీలు నింపాడని బజారు బజారంతా నవ్వుతుంది. దేవుడి పటం వెనక ఉన్న నాలుగు పేజీలూ పొట్లాలైపోతాయి. నాయన చూపు నా వీపు మీద గుచ్చుకుంటోంది.

"పాట బంగారం మామా. సెట్టులోనే ఏమో ఉండాది" అన్నాను.

"అదీ సంగతి" అని మా నాయన తేలిగ్గా ఊపిరి వదిలి లోపలికి పోయాడు. మామ ముఖం చూడలేకపోయాను. "ఇరవై ఏండ్లలో ఒక్క పెండ్లిలో గర్రుమనలేదప్పా ఇది" అన్నాడు మెల్లగా. తర్వాత టీ బంకు దగ్గరున్న ఫోనుకు వెళ్ళి పెళ్ళివాళ్ళకు ఫోను చేశాడు. నేను వెనకాలే నిలబడి ఉన్నాను. "స్వామీ, నా సెట్టుకు బాగల్యా. ఆళ్ళగడ్డ నుంచి వేరే సెట్టు పిలిపించుకోండి." అవతలి వాళ్ళు ఫర్వాలేదు, కొంచెం గరగరలాడినా సర్దుకుంటామని బతిమాలినట్టున్నారు. "మీకు ఫర్వా లేకపోవచ్చు. నాకుండాది" అని పెట్టేశాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. నేను చెప్పలేదు.

మర్నాటి నుంచి రిపేరు మొదలైంది. దానికి నేను కూడా కూర్చోవాల్సి వచ్చింది, రోగం నిర్ణయించిన డాక్టర్ని నేనే కాబట్టి. మామ ఒక కండెన్సరు మార్చడం, నా పాట పెట్టడం, "ఇప్పుడెట్లుండాది?" అనడం. "కొంచెం తగ్గింది మామా" అని నేను. మళ్ళీ పెట్టె విప్పడం. మధ్యలో నమాజుకు వెళ్ళొచ్చి మళ్ళీ సోల్డరింగు కడ్డీ అందుకునేవాడు. కాయలు కాచిన ఆ వేళ్ళు అంత సన్నని తీగల మధ్య తిరుగుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు వేసిన శిక్ష అనుకున్నాను. మూడో రోజుకు కీచు శబ్దాల ట్రిబుల్ మీటను పూర్తిగా తగ్గించేసి, కొత్తగా ఏవో రెండు భాగాలు చేర్చి, చివరికి స్పీకర్ల మీద ఒక బొంత కూడా కప్పాడు. "చలి చేసినోనికి కప్పినట్లుండాది గదప్పా" అని తనే నవ్వాడు. అప్పుడు పాట పెట్టాడు. గరగర లేదు. గొంతు చించుకునే ఆ కుర్రాడు పక్కింట్లో మజ్జిగ చిలుకుతూ తనలో తాను గొణుక్కుంటున్నట్టు వినబడ్డాడు.

"సాఫ్!" అన్నాడు మామ. "సాఫ్ అయిపోయింది!"

నా సమీక్ష ఆ బొంత కింది పాట మీద రాసినదే. మొట్టమొదటిసారి చెవులారా విని రాస్తున్నానన్న గర్వంతో రాశాను. 'ఈ పంక్ రాక్‌లో కోపం మచ్చుకైనా లేదు. మధ్యాహ్న భోజనం తర్వాతి కునుకులా హాయిగా ఉంది. చంటిపిల్లల్ని జోకొట్టడానికి కూడా పనికివస్తుంది' అని ముగించాను. అచ్చయింది. మరుసటి నెల ఉత్తరాల పేజీలో బెంగుళూరు కుర్రాళ్ళ జాబు కూడా అచ్చయింది. 'మీ విమర్శకుడు విన్న ఆల్బమ్ మాకు కూడా ఒక ప్రతి పంపగలరు' అని. ఎడిటరు నాకు విడిగా ఒక కార్డు రాశాడు. ఇకమీదట వంటల శీర్షికకు రాస్తే నా శైలి బాగా ఇముడుతుందట. మా నాయన ఆ ఉత్తరాల పేజీ కూడా చించి, జాబు పైన నా పేరు అచ్చయినందుకు, దేవుడి పటం వెనక పెట్టాడు.

అంతటితో పోయి ఉంటే నవ్వుకునేవాణ్ణి. కానీ బొంత కప్పితే గానీ సాఫ్‌గా పాడని సెట్టు మీద మామకు నమ్మకం పోయింది. ఎక్కడినుంచో కంపెనీ సెట్టు ఒకటి తెచ్చి పెళ్ళిళ్ళకు దాన్నే తీసుకెళ్ళేవాడు. టేకు పెట్టె మూలన, అత్త చీర కింద ఉండిపోయింది. ఎవరైనా అడిగితే, "దానికి వయసయిపోయిందప్పా, నా మాదిరే" అనేవాడు. రోజూ మా అంగడికి వెళ్తుంటే పక్క దుకాణంలో ఆ మూల కనబడేది.

ఆరు నెలలకు కాబోలు, కర్నూలు వెళ్ళినప్పుడు తెగించి ఆ సీడీని నెట్ సెంటరు కంప్యూటర్లో వేసి, హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. అదే పిండి మిషను. అదే గులకరాయి. మామ సెట్టులో పిసరంత దోషం లేదు. బీరువాలోంచి తీసుకెళ్ళిన కవరును అప్పుడే మొదటిసారి చివరి మడత దాకా విప్పాను. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక గమనిక ఉంది. 'ఈ గరగర మేము కావాలని పెట్టుకున్నదే. మీ స్పీకర్లు బాగానే ఉన్నాయి. దయచేసి రిపేరుకు ఇవ్వకండి.'

మర్నాడు పొద్దున్నే ఆ కవరు పట్టుకుని మామ దగ్గరికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. బజారు నవ్వుతుందని భయపడి ఆ రోజు తెలిసీ తెలియక అబద్ధమాడానని కూడా చెప్పాను. ఆ గమనిక తెలుగులో చదివి వినిపించాను. మామ శ్రద్ధగా విన్నాడు. విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు.

"ఎంత మంచోడివప్పా నువ్వు! నా స్పీకర్ల సంగతి బెంగుళూరోళ్ళకు ఎట్ల తెల్సు? రిపేరుకు ఇయ్యొద్దని కూడా రాసినారా? కత అల్లినా కొంచెం నమ్మేటట్లు అల్లాల."

"ఒట్టు మామా, ఇందులో ఉండాది!"

"పాట కట్టేటోడు కావాలని గరగర పెట్టుకుంటాడా? పెండ్లికొడుకు కావాలని మొగానికి మసి పూసుకుంటాడా? నన్ను ఊరడించేకి ఇంత తంటాలు పడతాండావే!" అని, మూల వైపు చూశాడు. "నీకే ఇంత బాధగా ఉండాదంటే, ఇంగ నేను దాన్ని మూలన పెట్టడం తప్పు" అని లేచి, చీర తీసి మడత పెట్టాడు.

ఆ వారమే సంజామల దగ్గర ఒక పెళ్ళికి టేకు పెట్టె మళ్ళీ బయల్దేరింది. హారను స్పీకర్లు మోయడానికి నేను కూడా వెళ్ళాను. ఈసారి బొంత కప్పకుండానే, మామ ట్రిబుల్ మీటను మళ్ళీ పాత చోటికి తిప్పాడు. అయ్యవారు మంత్రం ఆపి ఊపిరి పీల్చుకుంటే, చివరి వరసలో నిలబడ్డ నాకు వినబడింది. మామ నన్ను మోచేత్తో పొడిచి, "సూసినావా నా రిపేరు!" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తర్వాత నాకు ఏదో ఉద్యోగం దొరికి కర్నూలు చేరాను. సమీక్షల జోలికి మళ్ళీ పోలేదు. ఆ ఆల్బమ్ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు వింటాను, నిజానికి అది చాలా మంచి ఆల్బమ్. (బొంత కప్పి వింటే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. ఈ మాట ఎక్కడా అచ్చువేయించలేదు.) మొన్న ఊరికి వెళ్తే మామ తన అరుగు మీద ఎవరితోనో నన్ను చూపించి, "మా అల్లుడు. ఒకసారి నా మనసు కోసం ఎంత పెద్ద అబద్ధమాడినాడో తెల్సా?" అంటున్నాడు. అబద్ధమాడిన మాట నిజమే. ఆడిన రోజే వేరు.